వలస పాలన కాలపు కరెన్సీని పరిశీలించడం ఎలా? శిస్తు నుంచి లండన్ నిల్వ వరకు

వలస పాలనలోని డబ్బు గురించి చదవబోయేవారు సాధారణంగా నాణేలతో మొదలుపెడతారు. ఏ రాజు బొమ్మ ఉంది, ఏ సంవత్సరంలో ముద్రించారు, ఎంత వెండి ఉంది అన్న ప్రశ్నలు ఆసక్తికరమైనవే. అయితే ఆ నాణెం ద్వారా ఎవరు ఎవరిపై అధికారం చెలాయించారో వాటి వల్ల తెలియదు. ఆ అధికారాన్ని చూడాలంటే నాణెం బయట ఉన్న నాలుగు చోట్లకు వెళ్లాలి. ప్రజలు పన్నును ఏ డబ్బులో కట్టవలసి వచ్చింది, ఆ డబ్బుకూ పాలక దేశపు డబ్బుకూ మధ్య మారకం రేటును ఎవరు నిర్ణయించారు, ఆ డబ్బుకు వెన్నుదన్నుగా ఉన్న నిల్వ ఏ నగరంలో ఉంది, పాత డబ్బును రద్దు చేసినప్పుడు నష్టం ఎవరి మీద పడింది అన్నవే ఆ నాలుగూ. ఒక విద్యార్థి గానీ, స్థానిక చరిత్ర రాసుకునేవారు గానీ ఏదైనా ఒక వలస ప్రాంతాన్నీ, ఒక పాతికేళ్ల కాలాన్నీ ఎంచుకుని ఈ నాలుగు ప్రశ్నలకూ జవాబులు రాబట్టి ఒక పట్టికగా ఎలా వేసుకోవచ్చో ఇక్కడ వివరిస్తున్నాను. ఉదాహరణలు ఎక్కువగా బ్రిటిష్ ఇండియా నుంచి తీసుకున్నాను. మన భాషలో చదివేవారికి అక్కడి పత్రాలు అందుబాటులో ఉండడమే కాక, ఈ వ్యవస్థ లోపలి యంత్రాంగం అక్కడ కనిపించినంత స్పష్టంగా మరెక్కడా కనిపించదని నా అభిప్రాయం.

ముందు పన్నును చూడండి

మీరు ఎంచుకున్న ప్రాంతంలో పన్ను ఎంత అన్నది తరువాత చూడవచ్చు. అది ధాన్యంగా కట్టేదా, నగదుగా కట్టేదా, నగదైతే ఏ నగదు, ఏ నెలలో కట్టాలి అన్నవి ముందుగా రాసుకోండి. మద్రాసు ప్రెసిడెన్సీలోని రైత్వారీ పద్ధతిలో, అంటే రైతే నేరుగా సర్కారుకు కట్టే పద్ధతిలో, శిస్తును నగదులో, కిస్తుల వారీగా కట్టాలి. పంట చేతికి వచ్చిన వెంటనే అందరూ ఒకేసారి అమ్మకానికి దిగితే ధర పడిపోతుంది. అయినా కిస్తు గడువు ఆగదు కాబట్టి రైతు ఆ ధరకే అమ్ముకోవాలి, లేదా షావుకారు దగ్గర అప్పు చేయాలి. డబ్బు అవసరం రైతుకు బజారులో పుట్టలేదు, తాలూకా కచేరీలో పుట్టింది. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే, సర్కారు ప్రకటించిన నాణేన్ని ప్రజలు ఎందుకు అంగీకరించారు అన్న ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే.

ఆఫ్రికాలో ఇదే ఎత్తుగడ మరింత బాహాటంగా కనిపిస్తుంది. గుడిసె పన్ను, తల పన్ను అన్నవి కేవలం ఖజానా నింపుకోవడానికి వేసినవి కావు. తమ భూమిలో తమ తిండి తాము పండించుకునే కుటుంబానికి కూలికి వెళ్లవలసిన అవసరం ఉండదు. ఆ కుటుంబం పన్నును మాత్రం షిల్లింగులలో కట్టాలని శాసిస్తే, షిల్లింగులు ఇచ్చే తోటకో గనికో ఎవరో ఒకరు వెళ్లక తప్పదు. దక్షిణాఫ్రికాలోని కేప్ కాలనీలో అక్కడి ప్రధానమంత్రి సెసిల్ రోడ్స్ 1894లో తెచ్చిన గ్లెన్ గ్రే చట్టం ఏడాదిలో మూడు నెలలు బయట కూలి చేయని పురుషులపై 10 షిల్లింగుల పన్ను వేసింది. చట్టం పాఠంలోనే ఉద్దేశం ఇంత తేటగా కనిపించే సందర్భాలు తక్కువ. సియెర్రా లియోన్‌లో 1898లో గుడిసె పన్నుపై బై బురే నాయకత్వంలో తిరుగుబాటు జరిగింది. ఇలాంటి తిరుగుబాట్ల తేదీలను మీ పట్టికలో నాణేల చట్టాల తేదీల పక్కనే వేసుకోండి. రెండింటినీ వేర్వేరు అధ్యాయాలలో చదివితే వాటి మధ్య ఉన్న సంబంధం కనిపించదు.

ఇక్కడే చేయవలసిన మరో చిన్న పని ఉంది. లెక్కల్లో రాసే డబ్బు వేరు, చేతికి వచ్చే డబ్బు వేరు అన్నది ప్రతి పత్రంలోనూ సరిచూసుకోండి. మద్రాసులో కంపెనీ లెక్కలు చాలాకాలం వరహాలలో నడిచాయి. ఒక నక్షత్ర వరహాకు 42 ఫణాలు, ఒక ఫణానికి 80 కాసులు. 1818లో వెండి రూపాయిని ప్రమాణంగా చేసి, ఒక వరహాను మూడున్నర రూపాయలుగా కట్టారు. అంతకు ముందు ఏ ఊరి నాణేన్ని ఏ కచేరీ ఎంత వట్టానికి (తగ్గింపుకు) తీసుకుంటుందో సరాఫు, అంటే నాణేలు మార్చే వ్యాపారి, చెప్పిందే వేదం. అందువల్ల దస్తావేజులో రాసిన సొమ్ముకూ, ఇచ్చినవారి చేతి నుంచి కదిలిన సొమ్ముకూ తేడా ఉండేది. హైదరాబాదు రాజ్యంలోని పత్రాలు చదివేవారు మరింత జాగ్రత్త పడాలి. అక్కడ నిజాం ప్రభుత్వపు సిక్కా రూపాయి బ్రిటిష్ రూపాయితో పాటుగా చెలామణి అయింది. 7 సిక్కా రూపాయలు సుమారుగా 6 బ్రిటిష్ రూపాయలకు సమానం. పత్రంలో ‘రూపాయలు’ అని మాత్రమే ఉంటే అది ఏ రూపాయో తేల్చకుండా ముందుకు వెళ్లకూడదు.

టంకశాల లాభాన్ని మీరే లెక్కకట్టండి

రెండో పని కాగితం, కలం తీసుకుని చేయవలసింది. 1835 నాటి 17వ చట్టం కంపెనీ ఏలుబడి అంతటికీ ఒకే రూపాయిని నిర్ణయించింది. దాని బరువు 180 గ్రెయిన్లు (గ్రెయిన్ అన్నది ఇంగ్లీషు తూకంలో ఒక చిన్న కొలత), అందులో పన్నెండింట పదకొండు వంతులు, అంటే 165 గ్రెయిన్లు, మేలిమి వెండి. అప్పుడు ఎవరైనా వెండి కడ్డీ తీసుకువెళ్లి, కొద్దిపాటి ఖర్చు చెల్లించి, టంకశాలలో రూపాయలు కొట్టించుకోవచ్చు. ఇలాంటి వ్యవస్థలో నాణెం విలువ వెండి విలువను దాటి పెద్దగా పోదు. సర్కారు చేతిలో ముద్ర ఉన్నా, ఎన్ని రూపాయలు చెలామణిలోకి రావాలో సర్కారు ఒక్కటే నిర్ణయించలేదు.

1870ల నుంచి వెండి ధర పడిపోసాగింది. జర్మనీ బంగారు ప్రమాణానికి, అంటే డబ్బు విలువను బంగారానికి కట్టే పద్ధతికి, మారి తన వెండిని అమ్ముకోవడం, అమెరికాలో కొత్త గనుల నుంచి వెండి రావడం అందుకు ముఖ్య కారణాలు. దాదాపు 2 షిల్లింగులు పలికిన రూపాయి (పౌండుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్సులు) 1892 నాటికి సుమారు 1 షిల్లింగు 3 పెన్సులకు దిగింది. భారత ప్రభుత్వం లండన్‌లో చెల్లించవలసిన మొత్తాలు స్టెర్లింగులో, అంటే బ్రిటిష్ పౌండ్లలో, ఉండేవి. రైలు కంపెనీలకు హామీ ఇచ్చిన వడ్డీ, అప్పులపై వడ్డీ, పదవీ విరమణ చేసిన ఇంగ్లీషు అధికారుల పింఛన్లు, సైనిక సామగ్రి కొనుగోళ్లు, ఇండియా ఆఫీసు ఖర్చులు అన్నీ కలిపి హోమ్ చార్జీలు అనేవారు. రూపాయి పడిన కొద్దీ అవే పౌండ్ల కోసం ఇక్కడ ఎక్కువ రూపాయలు వసూలు చేయవలసి వచ్చింది. భారత కరెన్సీపై నియమించిన హెర్షెల్ కమిటీ సిఫారసు మీద 1893 జూన్ 26న టంకశాలల తలుపులు ప్రజల వెండికి మూసుకున్నాయి. ఇకపై రూపాయిలు కొట్టే అధికారం సర్కారుకే మిగిలింది. అదే విషయంపై మళ్లీ వేసిన ఫౌలర్ కమిటీ తరువాత రూపాయి 1 షిల్లింగు 4 పెన్సుల వద్ద నిలబడింది, అంటే ఒక పౌండు బంగారు నాణేనికి 15 రూపాయలు.

ఇప్పుడు లెక్క చూద్దాం. లండన్ బజారులో వెండి ధర చెప్పే ఔన్సులో 444 గ్రెయిన్ల మేలిమి ఉంటుంది. ఆ ఔన్సు ధర 27 పెన్సులు ఉన్నదనుకోండి. అప్పుడు 165ను 444తో భాగించి 27తో గుణిస్తే, ఒక రూపాయిలోని వెండి ఖరీదు సుమారు 10 పెన్సులు అవుతుంది. ఆ నాణేన్ని సర్కారు 16 పెన్సులుగా చెలామణి చేస్తుంది. ప్రతి కొత్త రూపాయి మీదా సుమారు 6 పెన్సులు సర్కారుకు మిగులుతాయి. వెండి 43 పెన్సులు దాటితేనే నాణెం కరిగించడం లాభసాటి అవుతుంది. ఈ లెక్కను మీరు ఎంచుకున్న ఏ సంవత్సరానికైనా, ఆ ఏటి వెండి ధర పెట్టి, మళ్లీ చేయవచ్చు. ఆ మిగులు సొమ్ము ఎక్కడికి వెళ్లిందన్నదే అసలు ప్రశ్న. 1900 తరువాత దానిని గోల్డ్ స్టాండర్డ్ రిజర్వు అనే నిధిలో వేశారు. ఆ నిధిని ప్రధానంగా లండన్‌లోనే, అక్కడి ప్రభుత్వ పత్రాలలోనూ స్వల్పకాలిక అప్పులలోనూ ఉంచారు. ఇక్కడి కూలివాడు, రైతు చేతుల మీదుగా తిరిగే నాణెంలోని తరుగు అక్కడి ద్రవ్య బజారుకు నిల్వగా మారింది.

1917లో ఈ లెక్క తలకిందులైంది. మొదటి ప్రపంచ యుద్ధం చివర వెండి ధర 43 పెన్సులను దాటి ఎగబాకింది. రూపాయి కరిగిస్తేనే ఎక్కువ విలువ వచ్చే పరిస్థితి ఏర్పడింది. నాణేలు బజారులోంచి మాయమై, 1917లో ఒక రూపాయి నోటు ముద్రించవలసి వచ్చింది. అమెరికా 1918లో పిట్‌మన్ చట్టం కింద తన ఖజానాలోని వెండి డాలర్లను కరిగించి 20 కోట్ల ఔన్సుల వెండిని భారత ప్రభుత్వానికి అమ్మింది. నోటుపై నమ్మకం కుదరని ప్రజలు నాణెం కోసం కరెన్సీ ఆఫీసుల ముందు నిలబడితే ఎంతటి సామ్రాజ్యమైనా వెండి కోసం ఇంకొకరి తలుపు తట్టవలసి వస్తుందని ఆ ఏడాది రుజువైంది. ప్రజల చేతిలోనూ కొంత అధికారం ఉండేదని చూపే ఇలాంటి సందర్భాలను వదిలిపెట్టకుండా నమోదు చేయండి.

మారకం రేటు: ఎవరికి ఎంత

నా దృష్టిలో ఈ మొత్తం పరిశీలనకు గుండెకాయ వంటి భాగం ఇదే. రేటు గురించిన వాదాన్ని మాటల్లో చదివితే తల తిరుగుతుంది, రూపాయలు, అణాలు, పైలలో (రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు) వేసుకుంటే విషయం కళ్ల ముందుకు వస్తుంది.

1925-26లో పనిచేసిన హిల్టన్ యంగ్ కమిషన్ రూపాయిని 1 షిల్లింగు 6 పెన్సుల వద్ద నిలపాలని సిఫారసు చేసింది. కమిషన్ సభ్యుడైన పురుషోత్తమదాస్ ఠాకూర్‌దాస్ దానితో విభేదించి, పాత 1 షిల్లింగు 4 పెన్సుల రేటే ఉండాలని అసమ్మతి పత్రం రాశారు. 1927లో చట్టసభ ముందుకు వచ్చిన బిల్లు హోరాహోరీ చర్చల తరువాత నెగ్గి 1 షిల్లింగు 6 పెన్సుల రేటు చట్టమైంది. రెండు పెన్సుల తేడాకు అంత గొడవ ఎందుకు జరిగింది?

లండన్‌లో 100 పౌండ్లకు అమ్ముడుపోయే వేరుశనగనో పత్తినో తీసుకోండి. రూపాయి 16 పెన్సులైతే ఆ 100 పౌండ్లకు 1500 రూపాయలు వస్తాయి. 18 పెన్సులైతే 1333 రూపాయల 5 అణాల 4 పైలు వస్తాయి. ఈ సరుకు వెనుక ఉన్న భూమికి శిస్తు 150 రూపాయలు అనుకుందాం. మొదటి లెక్కలో అది రాబడిలో సరిగ్గా పదో వంతు. రెండో లెక్కలో నూటికి 11 రూపాయల 4 అణాలు అవుతుంది. శిస్తు పెంచుతున్నట్టు ఏ ఉత్తర్వూ రాలేదు, జమాబందీలో (ఏటా శిస్తు తేల్చే లెక్కలో) ఒక్క అంకె మారలేదు, అయినా శిస్తు పెరిగింది. షావుకారు దగ్గర రూపాయలలో రాసుకున్న అప్పు కూడా అదే దామాషాలో బరువెక్కింది.

ఇదే రేటును లండన్ వైపు నుంచి చూడండి. ఏడాదికి 3 కోట్ల పౌండ్లు పంపవలసి ఉందనుకుంటే, 16 పెన్సుల రేటుకు 45 కోట్ల రూపాయలు కావాలి, 18 పెన్సుల రేటుకు 40 కోట్లు చాలు. భారత ప్రభుత్వ బడ్జెట్‌కు 5 కోట్లు మిగులుతాయి. ఇంగ్లండుకు తిరిగి వెళ్లే అధికారి తన రూపాయల పొదుపుకు ఎక్కువ పౌండ్లు పొందుతాడు. మాంచెస్టర్ బట్ట ఇక్కడ రూపాయలలో చౌకగా దొరుకుతుంది, అందుకే బొంబాయి మిల్లుదారులు ఆ రేటును అంత గట్టిగా ఎదిరించారు.

ఇంతవరకూ చెప్పింది సులువైన భాగం. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఎగుమతిదారుకు తగ్గిన ప్రతి అణా రైతు దాకా దిగిందనో, పెరిగిన ప్రతి అణా రైతుకు అందిందనో తేలికగా అనుకోకూడదు. మధ్యలో దళారీ, షావుకారు, రైలు కిరాయి ఉంటారు. పైగా రూపాయి పడిపోతే దేశమంతా లాభపడుతుందన్న వాదాన్ని అంబేడ్కర్ రూపాయి సమస్యపై 1923లో ప్రచురించిన గ్రంథంలో నిశితంగా పరీక్షించారు. మారకం పడినప్పుడు ధరలు పెరిగినంత త్వరగా కూలి పెరగదని, కాబట్టి ఒక వర్గానికి కలిగే లాభం చాలావరకు అదే దేశంలోని మరో వర్గం నష్టం నుంచే వస్తుందని ఆయన వాదించారు. మీ పట్టికలో ‘భారతదేశం’ అని ఒకే గడి పెట్టకండి. ఎగుమతి పంట పండించే రైతు, రోజు కూలి, మిల్లుదారు, నెల జీతగాడు, అప్పిచ్చినవాడు, అప్పు తీసుకున్నవాడు అని విడివిడిగా గడులు వేసి, రేటు మారిన ప్రతిసారీ ఒక్కొక్కరి ఎదురుగా పెరిగిందో తగ్గిందో రాయండి.

రేటు నిర్ణయించే చేయి ఎవరిదో తెలుసుకోవడానికి సంక్షోభపు రోజులను చూడడం మేలైన పద్ధతి. 1931 సెప్టెంబరు 21న బ్రిటన్ బంగారు ప్రమాణాన్ని వదులుకుంది. నిర్ణీత రేటుకు బంగారం గానీ స్టెర్లింగు గానీ అమ్మే బాధ్యత నుంచి తప్పుకుంటూ భారత ప్రభుత్వం ఒక ఆర్డినెన్సు తెచ్చింది. అదే రోజు లండన్‌లో భారత వ్యవహారాల మంత్రి శామ్యూల్ హోర్, రూపాయి 1 షిల్లింగు 6 పెన్సుల వద్దే స్టెర్లింగుకు కట్టుబడి ఉంటుందని ప్రకటించాడు. భారత ప్రభుత్వం సిమ్లాలో తెచ్చిన ఆర్డినెన్సు కొద్ది రోజులకే మారిపోయి, లండన్ మాటే నిలిచింది. మామూలు రోజుల్లో ఈ రెండు ప్రభుత్వాలూ ఒకే ప్రభుత్వంలా కనిపిస్తాయి, ఒకరి మాట ఇంకొకరు కొట్టివేసిన రోజున ఎవరు పైవారో తేలుతుంది. ఆ తరువాతి సంవత్సరాలలో పంట ధరలు కుప్పకూలి, శిస్తులూ వడ్డీలూ కట్టుకోలేక పల్లెల్లోని కుటుంబాలు నగలు అమ్ముకోగా, ఆ బంగారం ఓడలెక్కి లండన్ చేరింది. స్టెర్లింగు లెక్కలో బంగారం ధర పెరగడం కూడా ఆ ఎగుమతికి ఒక కారణమేనని చెప్పుకోవాలి, ఆపద ఒక్కటే కారణమని రాస్తే పూర్తి నిజం కాదు.

నిల్వ ఏ నగరంలో ఉంది

ఈ ప్రశ్నకు జవాబు కోసం కౌన్సిల్ బిల్లులు ఎలా పనిచేసేవో ఒకసారి నెమ్మదిగా అర్థం చేసుకోవాలి. లండన్‌లో ఒక వ్యాపారి కలకత్తా నుంచి జనపనార కొన్నాడు. అతడు రూపాయలు చెల్లించాలి. అతడు లండన్‌లోనే భారత వ్యవహారాల మంత్రికి పౌండ్లు కట్టి, ఆ మేరకు రూపాయల మీద ఒక హుండీ (చూపితే డబ్బు ఇచ్చే చెల్లింపు పత్రం) వంటి బిల్లు తీసుకుని కలకత్తాకు పంపుతాడు. ఇక్కడి ప్రభుత్వ ఖజానా ఆ బిల్లును చూసి రూపాయలు ఇస్తుంది. జనపనార అమ్మినవారికి ఆ రూపాయలు చేరుతాయి. ఆ రూపాయలు ఎక్కడివి? ప్రజలు కట్టిన పన్నుల నుంచి, లేదా కరెన్సీ నిల్వ నుంచి వచ్చినవి. పౌండ్లు మాత్రం లండన్ దాటలేదు. సరుకు దేశం దాటింది, దాని ఖరీదును దేశంలోని పన్నుదారులే సమకూర్చారు, విదేశీ ఆదాయం హోమ్ చార్జీలకూ లండన్ నిల్వకూ పోయింది. ఎగుమతి మిగులు ఏటా ఉన్నా బంగారం ఇటు రావలసినంతగా ఎందుకు రాలేదో ఈ ఒక్క యంత్రాంగం వివరిస్తుంది. దాదాభాయి నౌరోజీ సంపద తరలింపు గురించి దశాబ్దాల పాటు చెప్పిన మాటను లెక్కల పుస్తకంలో పట్టుకోవాలంటే ఈ బిల్లుల దగ్గరికే రావాలి.

రూపాయి పడిపోతున్నప్పుడు ఇదే యంత్రాన్ని వెనక్కు తిప్పేవారు. ఇక్కడ రూపాయలు తీసుకుని లండన్‌లో పౌండ్లు ఇచ్చే బిల్లులను రివర్స్ కౌన్సిల్స్ అన్నారు. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత భారత కరెన్సీని పరిశీలించిన బాబింగ్టన్ స్మిత్ కమిటీ 2 షిల్లింగుల బంగారు రేటును సిఫారసు చేసినప్పుడు సభ్యుడు దాదిబా దలాల్ ఒక్కరే విభేదించారు. ఆ రేటును నిలబెట్టడానికి 1920లో జనవరి నుంచి సెప్టెంబరు వరకు సుమారు 5.5 కోట్ల పౌండ్ల బిల్లులు అమ్మారు. రేటు నిలబడలేదు. బజారు రేటు కన్నా చౌకగా పౌండ్లు పొందినవారు లాభపడ్డారు, నష్టం భారత ఖజానా మోసింది.

రెండో ప్రపంచ యుద్ధంలో నిల్వ అన్న మాట ఎంత దూరం సాగగలదో చూడవచ్చు. బ్రిటన్ కోసం ఇక్కడ కొన్న సామగ్రికీ సైన్యపు ఖర్చుకూ లండన్‌లో స్టెర్లింగు జమ రాశారు, దాని ఆధారంగా 1935లో ఏర్పడిన రిజర్వు బ్యాంకు ఇక్కడ నోట్లు విడుదల చేసింది. 1939లో సుమారు 180 కోట్ల రూపాయలున్న నోట్ల చెలామణి 1946 నాటికి 1,100 కోట్లు దాటింది. పుస్తకాల ప్రకారం ప్రతి నోటు వెనుకా నిల్వ ఉంది. ఆ నిల్వతో అప్పట్లో బియ్యం కొనడానికి గానీ, యంత్రాలు తెప్పించుకోవడానికి గానీ వీలులేదు. ధరలు మాత్రం ఇక్కడి బజారులో పెరిగాయి, 1943 నాటి బెంగాల్ కరువును ఆ ధరల నుంచి విడదీసి చదవడం సాధ్యం కాదు. యుద్ధం ముగిసేసరికి స్టెర్లింగు బాకీ సుమారు 1,700 కోట్ల రూపాయలకు చేరింది. నిల్వ ఉందా అని మాత్రమే అడిగి ఆగిపోకుండా, దానిని ఎవరి అనుమతితో, ఎప్పుడు, దేనికి ఖర్చు పెట్టవచ్చు అని కూడా అడగాలి.

ఇతర ప్రాంతాలకు ఇదే ప్రశ్న వేస్తే జవాబులు ఒకే దిక్కున సాగుతాయి. పశ్చిమ ఆఫ్రికా కరెన్సీ బోర్డు 1912లో లండన్‌లో ఏర్పడింది. నైజీరియా, గోల్డ్ కోస్ట్ (నేటి ఘనా), సియెర్రా లియోన్, గాంబియాలకు అదే డబ్బు జారీ చేసేది, నిల్వను స్టెర్లింగులో ఉంచేది. అక్కడ ఎంత డబ్బు తిరగాలన్నది అక్కడి పంటలు సంపాదించిన స్టెర్లింగును బట్టి ఉండేది, స్థానికంగా అప్పిచ్చి పరిశ్రమ పెట్టించే వీలు ఆ బోర్డుకు లేదు. ఫిలిప్పీన్స్‌లో అమెరికా 1903లో పెసోను అర డాలరుకు కట్టి, నిధిలో పెద్ద భాగాన్ని న్యూయార్క్‌లో ఉంచింది. ఫ్రెంచి ఏలుబడిలోని ఇండోచైనాలో నోట్లు జారీ చేసే హక్కు 1875లో ఏర్పడిన ఒక ప్రైవేటు బ్యాంకుకు దక్కింది. అక్కడి డబ్బైన పియాస్టర్‌ను 1945లో 17 ఫ్రాంకులుగా నిర్ణయించారు, బజారులో మాత్రం అంతకన్నా చాలా తక్కువ పలికేది. అనుమతి సంపాదించగలిగినవారు పియాస్టర్లను పారిస్‌కు పంపి లాభాలు గడించారు, 1953లో రేటును 10 ఫ్రాంకులకు దించేవరకు అది సాగింది.

పాత డబ్బు రద్దైన రోజు

డబ్బు మార్పిడి జరిగిన సంవత్సరాన్ని గుర్తించి మూడు విషయాలు వెతకండి. మార్చుకోవడానికి ఎంత గడువు ఇచ్చారు, ఏ రేటుకు, మార్చుకునే చోటు ఎంత దూరం. కొరియాలో 1905లో జపాన్ సలహాదారు మెగాటా చేపట్టిన మార్పిడిలో నికెల్ నాణేలను నాణ్యతను బట్టి వర్గాలుగా విభజించారు. నాసిరకమని తేల్చినవాటికి విలువ కట్టలేదు. నిన్నటిదాకా సరుకు అమ్మి వాటిని తీసుకున్న కొరియా వర్తకులలో చాలామంది దివాలా తీశారు. నైజీరియాలో మానిల్లా అనే లోహపు కడియాలు శతాబ్దాలుగా డబ్బుగా చెలామణి అయ్యాయి. వాటి దిగుమతిని 1902లోనే నిషేధించినా, వాటిని పూర్తిగా వెనక్కు తీసుకోవడం 1948-49 వరకు సాధ్యపడలేదు. తామరాకు మీద నీటిబొట్టులా పాత డబ్బు జారిపోతుందని పాలకులు అనుకున్నా, పెళ్లి కట్నాలలో, ఊరి అప్పులలో అది అర్ధ శతాబ్దం నిలిచింది.

పత్రాలు చదివే తీరు

కమిషన్ నివేదికను మొదటి పుట నుంచి చదవకండి. ముందుగా సభ్యుల జాబితా చూసి, బ్యాంకర్లు ఎందరు, లండన్ నుంచి వచ్చినవారు ఎందరు, వలస దేశస్థులు ఎందరు అని లెక్కించండి. తరువాత అసమ్మతి పత్రం, ఆపైన సాక్షుల వాంగ్మూలాలు, చివరగా సిఫారసులు చదవండి. దలాల్, ఠాకూర్‌దాస్ వంటివారి అసమ్మతి పత్రాలలో అధికారిక నివేదిక దాటవేసిన అంకెలు కనిపిస్తాయి. అయితే వారు ఏ వర్గం ప్రయోజనాల పక్షాన మాట్లాడారో కూడా అంతే నిజాయితీగా చూడాలి.

పాలకులందరినీ ఒకే మనిషిగా ఊహించకండి. 1893లో టంకశాలలు మూయమని కోరింది భారత ప్రభుత్వమే. తరువాత బొంబాయిలో బంగారు నాణేలు ముద్రించే టంకశాల కోసం అదే ప్రభుత్వం ప్రయత్నిస్తే, బ్రిటిష్ ట్రెజరీ అభ్యంతరాల మీద అభ్యంతరాలు లేవనెత్తింది, 1903 నాటికి ఆ ప్రయత్నం అటకెక్కింది. ఇలాంటి ఉత్తర ప్రత్యుత్తరాలలో ఎవరికి ఏది అవసరమో బయటపడుతుంది.

పాత మొత్తాలను నేటి రూపాయలలోకి మార్చే ప్రయత్నం దాదాపు ఎప్పుడూ తప్పుదారి పట్టిస్తుంది. 150 రూపాయల శిస్తు అంటే ఆనాటి ఎన్ని రోజుల కూలి, ఎన్ని బస్తాల ధాన్యం అని అదే జిల్లాలోని అదే దశాబ్దపు ధరలతో కట్టండి. జిల్లా గెజిటీర్లలో కూలి రేట్లూ ధాన్యం ధరలూ సాధారణంగా దొరుకుతాయి.

చివరగా, మీ పట్టికను స్వాతంత్ర్యం వచ్చిన తేదీ దగ్గర ఆపకండి. ఫ్రాన్స్ 1945 డిసెంబరులో తన ఆఫ్రికా వలసల కోసం సీఎఫ్ఏ ఫ్రాంకును సృష్టించింది. జెండాలు మారిన తరువాత కూడా ఆ డబ్బు కొనసాగింది, సభ్య దేశాలు తమ విదేశీ నిల్వలో నిర్ణీత భాగాన్ని ఫ్రెంచి ఖజానాలోని ఖాతాలో ఉంచవలసి వచ్చింది. ఆ భాగం 1973 నుంచి నూటికి 65, 2005 నుంచి 50. గినీ 1960లో బయటపడి సొంత డబ్బు పెట్టుకుంది. మాలీ 1962లో బయటకు వెళ్లి, 1984లో తిరిగి చేరింది. 1994 జనవరిలో ఆ ఫ్రాంకు విలువను ఒక్కసారిగా సగానికి తగ్గించారు. పశ్చిమ ఆఫ్రికా దేశాలు పారిస్‌లో నిల్వ ఉంచవలసిన నిబంధనను తొలగిస్తున్నట్టు 2019 డిసెంబరులో ప్రకటించారు, యూరోతో నిర్ణీత రేటు మాత్రం కొనసాగింది. కాబట్టి ఈ ప్రాంతానికి పట్టిక వేసేవారు నిల్వ గడినీ రేటు గడినీ కలిపేయకుండా, 2019 దగ్గర మొదటిదాన్ని మార్చి, రెండోదాన్ని అలాగే ఉంచాలి.